మిలిటరీ ఆయన ఇంటికొచ్చాక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు మిలిటరీ ఇళ్ల నుంచి వచ్చినవే. ఊళ్లు వేరు, వయసులు వేరు, కానీ నాలుగింటిలోనూ అడిగింది దాదాపు ఒకటే: ఉద్యోగం అయిపోయింది, మనిషి ఇంటికొచ్చాడు, మరి కాపురం ఎందుకు కుదుటపడటం లేదు? అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్లకే ఇస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ ఉత్తరాలకి వచ్చే నెల జవాబులు రాస్తాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మావారు 24 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దారుగా రిటైరై రెండేళ్లయింది. రెండుసార్లు కాశ్మీర్ పోస్టింగు చేశారు. మాకు పెళ్లై 20 ఏళ్లు. పొలం, అత్తమామలు ఇక్కడే కాబట్టి నేను క్వార్టర్స్‌కి ఎప్పుడూ వెళ్లలేదు. ఇప్పుడాయన రాత్రి రెండింటికి లేచి గేటు తాళం చూసొస్తారు, మళ్లీ మూడింటికి లేస్తారు. పెళ్లిళ్లకి రారు, దీపావళికి తలుపులేసుకుని కూర్చుంటారు. విజిల్ వస్తే ఉలిక్కిపడుతున్నారని నేను కుక్కర్ మానేసి గిన్నెలో వండుతున్నాను. ఇన్నేళ్లూ కౌలు దగ్గర్నుంచి పిల్లల ఫీజుల దాకా అన్నీ నేనే చూసుకున్నాను, ఇప్పుడు ప్రతిదానికీ ‘నన్నడక్కుండా ఎందుకు చేశావ్’ అంటారు. తర్వాత రెండు మూడు రోజులు మాటలుండవు. కొట్టడం, తిట్టడం లాంటివి లేవు. ఇంటర్ చదివే మా బాబు ఆయన అడుగు వినపడితే గదిలోకి వెళ్లిపోతాడు. మా అత్తగారేమో ‘మిలిటరీవాళ్లంతే, సర్దుకుపో’ అంటారు. అమెరికాలో ఉన్న మా అక్క కూతురు, అక్కడ సైన్యంలో చేసినవాళ్లకి భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి కొద్ది వారాల కోర్సులు పెడతారని చెప్పింది. అవి నిజంగా పనిచేస్తాయా? మనకి ఉన్నాయా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు ఒక లెక్క వేశాను. జవానుకి ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు. ఒక్కరోజు కోత పడకుండా అన్నీ దొరికాయనుకున్నా, ఆయన సర్వీసులో ఉన్న ఆ 18 ఏళ్లలో మీరిద్దరూ ఒకింట్లో ఉన్నది నాలుగున్నరేళ్లు దాటదు. ఆ నాలుగున్నరేళ్లు కూడా ఎలా గడిచి ఉంటాయో నాకు తెలుసు, నేనూ మిలిటరీ ఇంట్లోనే పెరిగాను. మాంసం కూర, చుట్టాలు, బ్యాంకు పని, ఎవరిదో పెళ్లి, ఇంతలో రైలు టికెట్టు తేదీ వచ్చేస్తుంది. అంటే మీది 20 ఏళ్ల కాపురం అని ఊరంతా అనుకుంటున్నా, మీ ఇద్దరూ రోజువారీ కాపురం మొదలుపెట్టి రెండేళ్లే. ఈ గొడవల్లో సగం మీలో ఎవరి తప్పూ కాదు.

మిగతా సగం సంగతి. రాత్రి రెండింటికీ మూడింటికీ గేటు చూడటం, చప్పుళ్లకి ఉలిక్కిపడటం, జనంలోకి రాలేకపోవడం, ఇంట్లోవాళ్లతో మాట తెగిపోవడం, వీటన్నిటినీ కలిపి చూస్తే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుకి పట్టుకునే జబ్బు, అదేమో అని డాక్టరు తప్పకుండా ఆలోచిస్తారు. అవునో కాదో ఉత్తరం చూసి నేను చెప్పకూడదు. ఆయన శరీరం మాత్రం ఇంకా సెంట్రీ డ్యూటీలోనే ఉందని నాకనిపిస్తోంది.

ఇక మీ అక్క కూతురు చెప్పింది నిజమే. కాండిస్ మాన్సన్, స్టెఫనీ ఫ్రెడ్‌మన్ అనే సైకాలజిస్టులు తయారుచేసిన పద్ధతి ఒకటుంది, పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ కన్‌జాయింట్ థెరపీ (సీబీసీటీ), పీటీఎస్‌డీ ఉన్న మనిషితో పాటు భార్యనో భర్తనో కూడా చికిత్సలోకి తీసుకుంటారు. మొత్తం 15 సిట్టింగులు, ఒక్కోటి గంటంపావు. 40 జంటలతో చేసిన పరీక్ష ఫలితాలు 2012లో అమెరికా వైద్యుల సంఘం పత్రికలో వచ్చాయి. ఇంకా వంతు రాక ఎదురుచూస్తున్న జంటలతో పోలిస్తే, ఈ సిట్టింగులు తీసుకున్నవాళ్లలో జబ్బు లక్షణాలు బాగా తగ్గాయి, ఆ జబ్బున్న మనిషికి తన కాపురం మీద సంతృప్తి కూడా పెరిగింది. తర్వాత దాన్నే ఎనిమిది సిట్టింగులకి కుదించి, వీడియో కాల్ మీద ఇంటి నుంచే చేసుకునేలా కూడా మార్చారు. కాబట్టి పనిచేస్తాయా అంటే, ఇలా జబ్బునీ కాపురాన్నీ కలిపి పట్టించుకునేవి పనిచేస్తాయనే చెప్తాను. అందరికీ, అన్నిసార్లూ అని మాత్రం చెప్పను.

అందులో ముఖ్యమైన విషయం మీ కుక్కరు దగ్గరే ఉంది. మీరు ప్రేమతో కుక్కరు మానేశారు, పెళ్లిళ్లు మానేశారు, దీపావళికి తలుపులు వేశారు. ప్రతి మిలిటరీ ఇంట్లో ఆడవాళ్లు ఇలాగే చేస్తారు, మా అమ్మా చేసింది. కానీ మీరు ఒక్కో చప్పుడూ తీసేసినకొద్దీ, ఆ చప్పుడు నిజంగానే ప్రమాదమని ఆయన మనసుకి గట్టిపడుతుంది. ఇవాళ కుక్కరు, రేపు మిక్సీ, ఎల్లుండి పక్కింటివాళ్ల టీవీ, చివరికి ఇల్లంతా ఆ భయం చెప్పినట్టు నడుస్తుంది. అందుకే ఆ కోర్సులో భార్యాభర్తలిద్దరికీ కలిపి ‘హోమ్‌వర్క్’ ఇస్తారు, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన వాటి దగ్గరికి చేయి పట్టుకుని కొంచెం కొంచెంగా వెళ్లమని. మీ ఇంట్లో అయితే అది ఇలా ఉండొచ్చు: ‘రేపు పొద్దున పప్పు కుక్కర్లో పెడతాను, నాలుగు విజిల్స్ వస్తాయి, మీరు నా పక్కనే వంటింట్లో నిలబడండి’ అని ముందు రోజే చెప్పి, ఆయన సరేనంటేనే పెట్టడం. మొదటి విజిల్‌కి గుండె దడ వస్తుంది, నాలుగోదానికి అంత ఉండకపోవచ్చు, వారం పోయాక ఆయనే విజిల్స్ లెక్కపెట్టొచ్చు. చెప్పకుండా మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అది ద్రోహంలా తగులుతుంది. పటాకులు, పెళ్లి జనం లాంటి పెద్దవాటి జోలికి డాక్టరు తోడు లేకుండా వెళ్లొద్దు.

‘నన్నడక్కుండా ఎందుకు చేశావ్’ అన్న మాటకి ఆయన భాషలోనే మందుంది. యూనిట్లో స్టోరు కానీ ఆయుధాలు కానీ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారితే ‘హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్’ అని లిస్టు రాసి, లెక్క చూసి, సంతకాలు పెట్టుకుంటారు. మీ ఇంటి చార్జి ఆయనకెప్పుడూ ఎవరూ అప్పజెప్పలేదమ్మా. ఒక ఆదివారం నోటుపుస్తకం తీసి కౌలు ఎంత, ఎవరికి ఎంత ఇవ్వాలి, బాబు ఫీజు ఎప్పుడు, కరెంటు బిల్లు ఎప్పుడు, అన్నీ ఇద్దరూ కూర్చుని రాయండి. రాశాక ఏవి ఆయనవి, ఏవి మీవి, ఏవి ఇద్దరూ అడిగి చేయాల్సినవి అని పంచుకోండి. ఆయనకి ఇచ్చిన పనిలో మళ్లీ మీరు వేలు పెట్టకండి, కాస్త తేడాగా చేసినా సరే. మీరు 20 ఏళ్లు ఒంటిచేత్తో నడిపిన ఇల్లు, వదలడం మీకూ కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్నీ ఆయనకి చెప్పండి, ఆయనకి అది తెలియకపోవచ్చు.

మనకి ఉన్నాయా అన్నారు. సరిగ్గా ఆ 15 సిట్టింగుల కోర్సు మీ జిల్లాలో బోర్డు పెట్టి నడపరు. అయితే రిటైరైన సైనికులకి ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం 2003 నుంచి ఉంది, ఆయన సభ్యత్వం మీద మీకూ వైద్యం ఉంటుంది. పాలీక్లినిక్‌కి వెళ్లి నిద్ర లేదని, చప్పుళ్లకి ఉలిక్కిపడుతున్నారని చెప్పి సైకియాట్రిస్టుకి రిఫరల్ అడగండి. మానసిక సమస్య అంటే ఆయన రారు, నిద్ర కోసం అంటే వస్తారు, అదీ అబద్ధం కాదు కదా. డాక్టరు గదిలో కూర్చున్నాక మాత్రం ఒక మాట తప్పకుండా అనండి: ‘కొన్ని సిట్టింగులకి ఇద్దరం కలిసి వస్తాం.’ అడగకపోతే మన దగ్గర మందులు రాసి పంపేయడమే ఎక్కువ. అప్పటిదాకా ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. సైనికులకి, వాళ్ల కుటుంబాలకి అని 2023 డిసెంబరులో పుణె ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో దీనికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. మీరు ఒక్కరే ఫోన్ చేసినా సరిపోతుంది, ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు.

బాబు గురించి ఒక్క మాట. వాడికి ‘నాన్నకి నిద్ర జబ్బుంది, నీమీద కోపం కాదు’ అని ఎవరైనా చెప్పారా? చెప్పండి.

ప్రశ్న: మేడమ్, మేము టెక్సాస్‌లో ఉంటాం. మావారు ఎమ్మెస్‌కి వచ్చి, విదేశీయుల్ని సైన్యంలోకి తీసుకునే మావ్నీ పథకం కింద యూఎస్ ఆర్మీలో చేరారు, ఆఫ్ఘనిస్తాన్ వెళ్లొచ్చారు. ఇప్పుడు ఐటీ ఉద్యోగం. వీఏలో, అంటే ఇక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలో, పీటీఎస్‌డీ అని చెప్పి మందులిస్తున్నారు. అక్కడి చాప్లిన్ (మతగురువు) వీకెండ్ జంటల ప్రోగ్రామ్‌కి రమ్మంటే ఈయన ‘మన ఇంటి సంగతులు పదిమందిలో చెప్పుకోవాలా, మనవాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారు’ అంటున్నారు. ఇండియాలో అత్తయ్యగారు రెండో పాప పుడితే అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లమంటాను తల్లీ. రెండో పాప సంగతి మీ ఇద్దరి ఇష్టం, కానీ పాప వైద్యం చేయదు, పైగా మీ ఇంట్లో ఉన్న కాస్త నిద్రా పోతుంది. అత్తయ్యగారు మంచి మనసుతోనే అని ఉంటారు, ‘డాక్టరు కొంచెం ఆగమన్నారు’ అని చెప్పి ఆ టాపిక్ అక్కడితో ఆపేయండి.

మీవారి భయం నాకర్థమైంది. మన సంఘాల్లో ఒక పాట్‌లక్ విందులో అన్న మాట వారంలో ఊరంతా తెలుస్తుంది. కానీ ఆ వీకెండ్‌లో పదిమంది ముందు లేచి ఇంటి గుట్టు చెప్పుకోవడం ఉండదని ఆయనకి చెప్పండి. చాలా వీఏ ఆసుపత్రులు నడిపిన ఆ ప్రోగ్రామ్ పేరు వారియర్ టు సోల్‌మేట్, అందులో వాడేది పెయిర్స్ అనే పాత కోర్సు. పాఠం అందరికీ కలిపి చెప్తారు, సాధన మాత్రం జంటలు తమలో తామే చేసుకుంటాయి. డ్రైవింగ్ క్లాసు లాంటిదనుకోండి.

అందులో నాకు బాగా నచ్చిన సాధన ఒకటుంది, రోజూ ఇంటి టెంపరేచర్ చూడటం అంటారు. పది నిమిషాలు, ఫోన్లు పక్కన పెట్టి, ఇద్దరూ ఎదురెదురుగా. ఒక వరసలో ఐదు మాటలు: ఇవాళ నీలో నాకు నచ్చింది, ఒక కొత్త కబురు, నాకర్థంకాని ఒక సంగతి, ఒక ఇబ్బందీ దానికి నేను కోరే మార్పూ, చివర ఒక ఆశ. ఉదాహరణకి మీరు: ‘పొద్దున పాపకి జడ వేశారు, నాకు హాయిగా అనిపించింది. అమ్మ ఫోన్ చేసింది, తమ్ముడికి సంబంధం కుదిరింది. నిన్న స్టోర్‌లో సామాన్ల బండి వదిలేసి కారులోకి ఎందుకు వెళ్లిపోయారో నాకర్థం కాలేదు. అలా చెప్పకుండా వెళ్తే నాకు కంగారు, చెయ్యి నొక్కి వెళ్లండి చాలు. సంక్రాంతికి మనింట్లో పదిమందికి భోజనం పెట్టాలని ఉంది.’ అంతే. ఆయన జవాబు చెప్పక్కర్లేదు, వినాలి. తర్వాత ఆయన వంతు. మొదటి వారం ఇద్దరికీ నాటకంలా ఉంటుంది, ఫర్వాలేదు. నేను నా దగ్గరికొచ్చే జంటలకి ఇదే చెప్తాను, మూడోదీ నాలుగోదీ కలిసిపోకుండా చూసుకోమంటాను. అర్థంకానిదాన్ని తప్పుగా లెక్కేయడం దగ్గరే చాలా ఇళ్లలో నిప్పు అంటుకుంటుంది.

అయితే రెండు రోజుల క్లాసు మీద కొండంత ఆశ పెట్టుకోకండి. ఆర్మీ చాప్లిన్లు నడిపే ఇలాంటి కోర్సునే 476 జంటలతో పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత విడాకులైనవాళ్లు కోర్సు తీసుకున్నవారిలో 2 శాతం, తీసుకోనివారిలో 6 శాతం. బాగుంది కదా. కానీ ఇంకో బేస్‌లో చేసినప్పుడు అంత తేడా రాలేదు. పైగా అవి అందరు జంటలకీ పెట్టిన కోర్సులు, పీటీఎస్‌డీ కోసం పెట్టినవి కావు. కాబట్టి వీకెండ్‌కి వెళ్లిరండి, ఆ తర్వాత పైన నేను చెప్పిన చికిత్స, ఎనిమిది సిట్టింగుల రకం ఉందేమో వీఏలో పేరు పెట్టి అడగండి. వీడియో మీద కాబట్టి పాప నిద్రపోయాక మీ గదిలోంచే చేసుకోవచ్చు, గుడిలో ఎవరికీ తెలియదు. వీఏ బిల్డింగు గుమ్మం ఎక్కడమే ఇష్టం లేకపోతే వెట్ సెంటర్లు విడిగా ఉంటాయి, యుద్ధం చూసొచ్చినవాళ్లకీ వాళ్ల కుటుంబానికీ అక్కడ కౌన్సెలింగ్ ఉచితం. ఆయన ఎప్పుడైనా బతకడం అనవసరం అన్నట్టు మాట్లాడితే మాత్రం సిట్టింగు దాకా ఆగకండి, 988కి ఫోన్ చేసి 1 నొక్కండి, మీరు చేసినా తీసుకుంటారు.

ప్రశ్న: మేడమ్, నాకు 41. విజయనగరం జిల్లా. సర్వీసులో నాతోటివాడు నా పక్కనే పోయాడు. అది తప్ప నా భార్యకి అన్నీ తెలుసు. ‘ఆ రోజు ఏం జరిగిందో చెప్పు, నన్ను నమ్మవా’ అంటుంది. చెప్తే తను తట్టుకోలేదు, నేనూ తట్టుకోలేను. చెప్పాలా?

జవాబు: తమ్ముడూ, మొత్తం చెప్పక్కర్లేదు. ఇందాక రాసిన ఆ జంటల చికిత్సలో కూడా జరిగినదాన్ని మొదటి నుంచి చివరిదాకా భార్య ముందు చెప్పమని అడగరు. దానివల్ల ఇప్పుడు నీలో ఏం జరుగుతోందో, దాన్ని నువ్వు ఎలా అర్థం చేసుకున్నావో, అది మాట్లాడిస్తారు. చాలామంది మగవాళ్లు ఇది తెలియకే కౌన్సెలింగ్ అంటే పారిపోతారు.

నీ భార్య అడుగుతున్నది వివరాలు కాదేమో, లోపలికి రానిస్తావా అని అడుగుతోందేమో. ఆమెతో ఇలా అని చూడు: ‘ఆ రోజు నా స్నేహితుడు నా పక్కనే పోయాడు. నేను ఇంకేదైనా చేసి ఉంటే బతికేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తేదీ దగ్గరపడితే నేను మాట్లాడలేను, అప్పుడు నీమీద కోపమనుకోకు. అంతకుమించి ఇప్పుడు చెప్పలేను, చెప్పగలిగినప్పుడు ముందు నీకే చెప్తాను.’ నాలుగైదు వాక్యాలు. నోటితో రాకపోతే కాగితం మీద రాసివ్వు.

మా నాన్నగారు రిటైరై వచ్చాక పడుకున్నప్పుడు చెప్పులు వాకిలి వైపు తిప్పి పెట్టుకునేవారు, దిండు కింద టార్చి. అమ్మ ఆయన్ని ఎప్పుడూ తట్టి లేపేది కాదు, మంచం కాళ్ల దగ్గర నిలబడి, పేరు పెట్టి పిలవడం అలవాటు లేదు కాబట్టి, గాజులు చప్పుడు చేసేది. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే ‘అంతే’ అనేది. ఆ ఇద్దరూ దాని గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. మాట్లాడుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు నీ ఉత్తరం చదువుతుంటే చాలా గట్టిగా అనిపించింది. నువ్వు రాసింది ‘నేనూ తట్టుకోలేను’ అని. ఆ భాగం డాక్టరుకి చెప్పాలి తమ్ముడూ, భార్యకి కాదు. ఈసీహెచ్‌ఎస్‌లో రిఫరల్ తీసుకో, అది కుదిరేలోపు 14416.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను, కరీంనగర్ వైపు. నాన్న ఎక్స్ సర్వీస్‌మన్. క్యాంటీన్ మందు తాగి అమ్మని కొడతాడు. పొద్దున ఏడ్చి క్షమించమంటాడు. పెద్దమనుషులు ఇద్దరినీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయిద్దాం అంటున్నారు. కేసు పెడితే పెన్షన్ పోతుందేమోనని అమ్మ భయం.

జవాబు: తల్లీ, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ఇప్పుడు వద్దు. ఈ పేజీలో నేను ఇందాకటి నుంచి పొగిడిన జంటల కోర్సులేవీ మీ ఇంటికి ఇప్పుడు పనికిరావు. అక్కడ అమ్మ నోరు తెరిచి నిజం చెప్తే, ఆ రాత్రి ఇంటికొచ్చాక ఆ నిజానికి దెబ్బలు తినాల్సి వస్తుంది. భయం ఉన్నచోట పక్కపక్కన కుర్చీలు వేయకూడదు.

నాన్నకి యుద్ధం వల్ల జబ్బు ఉండొచ్చు, దానికి జాలిపడు, వైద్యం చేయించు. కానీ పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో చాలామంది చేయి ఎత్తరు. అమెరికాలో ఇలాంటివాళ్ల కోసమే స్ట్రెంగ్త్ ఎట్ హోమ్ అని 12 వారాల గ్రూపు పెట్టారు, అందులో కొట్టే మనిషే వెళ్లి కూర్చోవాలి, భార్య కాదు. 135 మందితో చేసిన పరీక్షలో మామూలుగా దొరికే వైద్యం తీసుకున్నవాళ్లకంటే వీళ్లలో కొట్టడం ఎక్కువ తగ్గిందని 2016లో రాశారు. పెద్దమనుషులకి నిజంగా సాయం చేయాలని ఉంటే నాన్నని ఒక్కణ్నే తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమను. జిల్లా సైనిక సంక్షేమ అధికారి దగ్గరికి కూడా వెళ్లొచ్చు, ఆయన మాట నాన్న వినే అవకాశం ఎక్కువ.

పెన్షన్ సంగతి. గృహహింస చట్టం, 2005 కింద రక్షణ కోరుతూ వేసే దరఖాస్తు నాన్నని జైలుకి పంపమని అడిగేది కాదు, కొట్టకుండా ఉత్తర్వు ఇవ్వమని, అమ్మని ఇంట్లోంచి గెంటకుండా చూడమని, ఖర్చులు ఇప్పించమని అడిగేది. ఇది, పెన్షన్ గురించిన భయంతో సహా, అమ్మకి అర్థమయ్యేలా లాయరు చేత చెప్పించు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100. మహిళా హెల్ప్‌లైన్ 181. కొడుతున్న సమయంలో అయితే 112, అప్పుడు పెద్దమనుషుల్ని పిలవొద్దు.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. అమ్మ ఆధార్, పెన్షన్ బుక్కు జిరాక్సు, ఈసీహెచ్‌ఎస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, రెండు జతల బట్టలు, కొంచెం డబ్బు ఒక సంచిలో సర్ది నమ్మకమైన చుట్టాలింట్లో పెట్టు. నాన్న తాగి వచ్చిన రాత్రి వంటింట్లో నిలబడి వాదించొద్దని అమ్మకి చెప్పు, అక్కడ కత్తిపీట ఉంటుంది, తలుపు ఒక్కటే ఉంటుంది. మధ్యలోకి నువ్వూ వెళ్లొద్దు, బయటికొచ్చి ఫోన్ చెయ్యి. నీ పరీక్షలు ఎప్పుడో ఉత్తరంలో రాయలేదు, హాస్టల్‌లో ఉండే వీలుందా? అది కూడా రాయి, ఈసారి నీ జవాబు పత్రిక కోసం ఆపను, నేరుగా పంపిస్తాను.